ఱాయి లేని యోబన

హేమంతర్తువు ప్రవేశించి పదునేను దినములయ్యెను. నల్లమల శిఖరములనుండి దిగివచ్చిన మంచు ఎఱ్ఱకనుమను నిండఁ గప్పి గింజ గట్టిపడుచున్న జొన్నచేలమీఁదను గడ్డివాములమీఁదను మట్టిమిద్దెలమీఁదను తెల్లని కంబళివలెఁ బఱచుకొని జాము ప్రొద్దెక్కినను లేవక యుండెను. పరదేశి యెవఁడేని యా వేళ నా త్రోవఁ బోవుచున్నచో నా శోభకు ముగ్ధుఁడై కన్నులార్పక నిలిచియుండును. కాని కనుమ క్రింది పల్లెవారికి మంచన్న నొడలు జలదరించును. పైరు పండువేళ మంచు పట్టుట యనఁగా కనుమకు నావలి దోపిడికాండ్రకుఁ దలుపు తీసి పిలుచుటయే. రాయల రాజ్యము రూపుమాసి పాళెగాండ్రు తలకొక ముక్కగా సీమను బంచుకొన్న యా దినములలో పంట దున్నినవానిది గాదు కోసినవానిది గాదు, కత్తిగలవానిది. అందుచేత నా పల్లెయందు హేమంతమున నెవ్వరును బిగ్గఱగా మాటలాడరు. కుక్క మొఱిగిన మాత్రమునఁ బొయ్యిలో నీళ్లు చల్లుదురు.

ఆ కనుమ నోట మూఁడు వీరగల్లులు గలవు. మూఁటియందును గత్తి యెత్తిన పురుషరూప మొక్కటి, దాని క్రిందఁ జెక్కిన పే రొక్కటి. చెక్కిన శిల్పులు మువ్వురు, కాలములు మూఁడు, చచ్చినవారును మువ్వురు. పేరు మాత్ర మోబన యనియే. అహోబలస్వామి నీడనున్న సీమ గావున నా పేరున కచ్చటఁ గొదువలేదు. సంతలో నిలిచి ఓబనా యని కేకవేసినఁ బదుగురు వెనుదిరిగి చూతురు. అయినను కావలిరెడ్ల యింట మాత్ర మది పేరు గాదు, పని. కనుమకావలికై రాయలనాఁటినుండి యా యింటివారికి మాన్యము గలదు. నగారా మ్రోఁగినతోడనే యా యింటి యోబన ముందడుగు వేయవలెను. తక్కిన మగవారు పదియడుగులు వెనుక నడువవలెను. ఒక యోబన గతించెనేని, కత్తి పట్టలేనంత ముదిసెనేని పిమ్మట నా యింట మొట్టమొదటఁ బుట్టిన మగబిడ్డ కిరువదియొకటవ దినమున నదే పేరు పెట్టుదురు. ఇంటిపెద్ద యా పసికందును గనుమకుఁ గొనిపోయి మూఁడు ఱాళ్లకును నుదురు తాఁకించి తెచ్చును. ఇట్లు మున్నూఱేండ్లుగా నా యిల్లు ఓబన లేక యొక్క తరమైనను గడపలేదని పెద్దలు గర్వముతోఁ జెప్పుకొందురు.

ఆ యింటి కోడలు నాగసాని పురిటిగది చీఁకటిలోఁ గూర్చుండి యిరువది దినముల కొడుకును ఱొమ్మునఁ జేర్చుకొని కిటికీవెలుపలి మంచువంకఁ జూచుచుండెను. రేపు తన కడుపుపంటకుఁ బేరు పెట్టుదురు. లోకమునఁ దల్లులు బిడ్డ పేరుకై యువ్విళ్లూరుచుండఁగా నామె యా తెల్లవాఱుటను దలఁచుకొని వణఁకుచుండెను. ఆమె భయమునకుఁ గారణము పుక్కిటిపురాణము గాదు, కన్నులారఁ జూచినదే. రెండేండ్ల క్రిందటఁ దాను గ్రొత్తకోడలై వచ్చిన మార్గశిరమున నిట్టి మంచులోనే నగారా మ్రోఁగెను. పెనిమిటి యన్నయగు ఓబన, కనుమపనివానికిఁ బిల్లనిచ్చువారు లేక తమ్మునికిఁ బెండ్లియైనను దనకింకఁ గానివాఁడు, మీసమైన సరిగాఁ దిరుగనివాఁడు, కత్తిఁ గొని గడపదాఁటి మరల వెనుకకు వచ్చి మంచినీ రడిగెను. ఆమె చెంబందిచ్చెను. ఆ చెంబు వాని పండ్లకుఁ దగిలి టకటక మ్రోఁగెను. సగము నీరు గొంతు దిగక యెడఁదమీఁదనే యొలికెను. వాఁ డామె మొగమువంకఁ జూచి యేదో యనఁబోయి యనక వెడలిపోయెను. రెండు గడియలకు వానిని నులకమంచముమీఁద మోసికొని వచ్చిరి. ఊరివారు సింహమనిరి, కులదీపమనిరి, ఏఁడాది తిరుగకమున్నే మూఁడవ ఱాయి నిలిపిరి. చెంబు మ్రోసిన సంగతి యామె యొక్కతెకే తెలియును. ఎవ్వరితోఁ జెప్పినను నమ్మరని యూరకుండెను.

మధ్యాహ్నమున మగఁడు కోనారెడ్డి చేనినుండి వచ్చి పురిటిగది గుమ్మమున కీవలఁ జతికిలఁబడెను. నాగసాని యెన్నినాళ్లనుండియో నమలుచున్న మాటను బయట పెట్టెను.

“ఏమయ్యా, బిడ్డకు ఇంకో పేరు పెట్టుకుంటే ఏమౌతుంది? ఊళ్లో చెన్నప్పలు లేరా, తిమ్మప్పలు లేరా?”

“నాయన ఒప్పుకోడు.”

“నాయన సంగతి సరే. నీ సంగతేంది?”

అతఁడు చేతిలోని పగ్గమును బేనుచు విప్పుచుండెను. తలయెత్తకయే యిట్లనెను. “అన్న నాకంటే ముందు పుట్టినాడు గనక నేను బతికుండా. ఇప్పుడు నేను వద్దంటే ఊరేమంటుంది? తాను తప్పించుకున్నది చాలక కొడుకును గూడా తప్పించినాడని అంటుంది. నన్ను అడగొద్దు నాగసానీ.”

ఇంతకన్న గోడకుఁ జెప్పుకొనుట మేలని యామె కనిపించెను గాని యాతని కంటిక్రింది నీలిచాఱలను జూచి జాలిపడి యూరకుండెను. తండ్రి యయ్యును దండ్రిగా నోరు విప్పలేని వానిపైఁ గోపించి యేమి ప్రయోజనము? భయమందు వాఁడును దన పాలివాఁడే.

ఆ సాయంకాలమున వంశము చెప్పు ఎఱ్ఱప్ప వచ్చెను. కావలిరెడ్ల వంశావళిని గంఠస్థముచేసి శుభకార్యములందుఁ దంబురమీటి పాడుట యాతని కులవృత్తి. డెబ్బదియేండ్ల వృద్ధుఁడు. చలికిఁ గంబళి కప్పుకొని పురిటిగది కిటికీక్రింది యరుగుమీఁదఁ గూర్చుండి రేపటి పాటకై తంతులు సవరించుచుండెను. మైల తీఱని బాలింత వెలుపలికి రారాదు గావున నాగసాని కిటికీచువ్వలు పట్టుకొని లోపలినుండియే పిలిచెను.

“ఎఱ్ఱప్పతాతా, ఈ యింట్లో ఓబనలు ముగ్గురేనా?”

ముసలివాని వ్రేళ్లు తంతులమీఁద నాఁగెను. “అట్లడిగితివేమమ్మా?”

“మున్నూరేండ్లంటారు. ఇల్లు ఓబన లేకుండా ఒక్క తరం గూడా గడవలేదంటారు. ఒక్కొక్కడు ఇరవై యేండ్లకే పోతే ముగ్గురితో మున్నూరేండ్లు నిండవు గదా.”

ఎఱ్ఱప్ప కిటికీవంకఁ దలయెత్తి చూచెను. “నలభై యేండ్లుగా ఈ గడప తొక్కుతుండా. ఈ మాట అడిగింది నువ్వొక్కదానివే తల్లీ. తొమ్మండుగురు. ఆరుగురికి రాళ్లు లేవు. రాయి లేనోని పాట ఎవరికి కావాల?”

“వాళ్లెట్లా పోయినారు?”

“ఊళ్లో అందరూ పోయినట్లే. పండ్లు రాలి, చూపు మందగించి, మనమలతో వీపు గీకించుకుంటా పోయినారు.”

నాగసాని చువ్వలను గట్టిగాఁ బట్టుకొనెను. ఇన్నాళ్లు భయమొక్కటియే యుండఁగా నెట్లో యోర్చుకొనెను గాని యిప్పుడు దానికి ఆశ తోడై యామె కాళ్లు నిలువనీయక పోయెను. “రేపు తొమ్మండుగురినీ పాడు తాతా,” యనెను.

“ముగ్గురిదే పాడమని మీ మామ పెద్దరెడ్డి ఆన. పైగా అందులో ఒకాయన కత ఆయన ముందర ఎత్తితే నా నాలుక నాకుండదు.”

“పేరు పెట్టే పొద్దు ఇంటోళ్లు అడిగితే దాచేది మీ వృత్తికి తప్పంటారే, నిజమా?”

“నిజమే.”

“అట్లయితే నేనడుగుతా.”

ముసలివాఁడు తంబురను గుడ్డలోఁ జుట్టెను.

మఱునాఁటి యుదయమునను మంచు విడలేదు. కనుమమీఁదఁ గావలియున్న వారిలో నొకఁడు వచ్చి యావలిలోయలో గుఱ్ఱపు సకిలింత వినఁబడెనని చెప్పిపోయెను. నిజమో మంచు పుట్టించిన భ్రమయో తెలియదు. చుట్టములును నూరివారును మండువాలోఁ గూడిరి గాని కన్నులన్నియు వీథితలుపుమీఁదనే యుండెను. ఆఁడువారు బిడ్డలను ఒడిలోనుండి దింపలేదు. మైలస్నానము చేసి వచ్చిన నాగసాని క్రొత్తచేటలో జొన్నలు పోసి వానిమీఁద మెత్తని బట్ట పఱచి కొడుకును బరుండఁబెట్టెను. మామ వెంగళరెడ్డి దాని యెదుటఁ బీఁటమీఁదఁ గూర్చుండెను. అఱువది దాఁటినను వెన్నువంగని మనిషి. పెద్దకొడుకు శవము వచ్చిననాఁడు గూడఁ గన్నుచెమర్చలేదని చుట్టుపట్లఁ బేరుపడినవాఁడు.

ఎఱ్ఱప్ప తంబుర మీటి పాట నెత్తుకొనెను. రాయలనాఁటి యోబన పరరాజుల గుఱ్ఱపుదండు నెదిరించి గుక్కతిప్పుకొననీయక పోరి నేలకొరగుట పాడెను. రెండవ ఱాతి యోబన పెండ్లికంకణము విప్పకమున్నే యూరిగోవులకై పెద్దపులివాతఁ బడుట పాడెను. మూఁడవవాని పాట పాడునపు డాఁడువారు కొంగులు కన్నుల కద్దుకొనిరి. పాట ముగిసెను. వెంగళరెడ్డి లేచి బిడ్డకై చేతులు చాచెను.

“మామా, తక్కిన ఆరుగురినీ గూడా చెప్పమనండి.”

పదిమందిలోఁ గోడలు నోరు విప్పుట యా యింట నదియే మొదలు. కోనారెడ్డి మొగము సున్నమువలెఁ బాలిపోయెను. వెంగళరెడ్డి యామెవంకఁ జూడకయే పలికెను.

“తక్కినోళ్లకు చెప్పుకునేటంత కత లేదు.”

“లేకుంటే రెండు మాటల్లో అయిపోతుంది. ఇంటిదాన్ని, అడుగుతుండా. చెప్పు ఎఱ్ఱప్పతాతా.”

వృత్తిధర్మ మొకవైపు, నాలుక యొకవైపు నుండఁగా నెఱ్ఱప్ప వృత్తినే నమ్ముకొనెను. మీటుట మాని చదివినట్లుగా నిట్లు చెప్పసాగెను.

“అవధరింపుఁడు. ఈ వంశమున మూలపురుషుఁ డోబన. అడవి గొట్టి చేను చేసెను. ఎనుబదియేండ్లు జీవించి పండ్లు లేక యంబలి త్రావి మనుమరాలి పెండ్లిలో నిద్దురపోయి లేవలేదు. మఱియొక యోబన చింతతోఁపు వేసెను. కాయఁ దినకయే పోవుదునని యేడ్చుచు ముప్పదికాపులు దినెను. మఱియొకఁడు నత్తివాఁడు, నగారా రెండుమాఱులు మ్రోఁగెను గాని రెండుమాఱులును దోపిడికాండ్రు దారితప్పిరి. ఇరువురు భార్యల కాఁపురముకన్నఁ గనుమకావలి సుఖమని చెప్పుచుండువాఁడు.” ఎవరో నవ్వఁబోయి పెద్దరెడ్డిని జూచి దగ్గుగా మార్చుకొనిరి. “నాలవవానికిఁ జూపులేదు. అయిదవవాఁడు గొఱ్ఱెల వైద్యుఁడు. వీరందఱును బిడ్డలను గని పెంచి వృద్ధులై గతించిరి. ఇఁక నాఱవవాఁడు…”

ఎఱ్ఱప్ప యాఁగెను. వెంగళరెడ్డి దవడ బిగిసెను.

“చెప్పు,” అని నాగసాని యనెను.

“ఆఱవవాఁడు నగారా విని మంచులోఁ గనుమకు ముందడుగు వేసెను. ఆవల మున్నూఱు దివిటీలు చూచెను. చూచి వెనుదిరిగెను. కత్తి పాఱవైచి పరుగెత్తుచుఁ గళ్లములో నాడుకొనుచున్న నలుగురు పిల్లలను జంకలను వేసికొని జొన్నపాతరలోఁ దూఁకి మూఁత వేసికొనెను. పశువులు పోయెను. పంట పోయెను. మంచములనుండి లేవలేని వృద్ధు లిరువురు చచ్చిరి. మూఁడవనాఁడు పాతర తెఱచి పిల్లలతో వెలుపలికి వచ్చినవానిమీఁద నూరు ఉమిసెను. వాఁడు మఱి నలువదియైదేండ్లు బ్రదికెను. వానికి ఱాయి లేదు. పాట లేదు.”

“చాలు,” అని వెంగళరెడ్డి గర్జించెను. కాని యామాటకు వెనుకనే మూలనున్న యొక ముసలమ్మ మెల్లగా ననెను. “ఆ నలుగురిలో ఒకతె మా అమ్మ.” మఱి కొంతసేపటికి ద్వారముకడ నిలిచిన కమ్మరి పలికెను. “మా తాత గూడా అంట. పాతరలో గాలాడక చస్తాంటే ఓబన్న మూత సందున నోరు పెట్టిచ్చి వంతులేసినాడంట. మా ఇంట్లో మెల్లగా చెప్పుకుంటారు.” ఇన్నేండ్లు మెల్లగాఁ జెప్పుకొన్న మాట లొక్కొక్కటిగా వెలుపలికి రాసాగెను.

పెద్దరెడ్డి పీఁటమీఁదఁ గూలఁబడెను. “ఆయన నాకు తాత. నన్ను ఒళ్లో పెట్టుకొని సాకినాడు. పొద్దుగూకితే తలుపుకు వీపు పెట్టి కూర్చునేవాడు కాడు. పిల్లప్పుడు నేను అడిగితిని, తాతా, నువ్వు పిరికోనివంట గదా అని. అవున్రా అన్నాడు. అంతే. ఇంకొక్క మాట అనలేదు. ఆ సిగ్గుతో పెరిగితిని. ఆ సిగ్గుతోనే నా కొడుకును పెంచితిని. వాడు బెదరలేదు. చూసినారు గదా అందరూ. వాడు బెదరకుండా పోయినాడు.”

నాగసాని యాతని పాదములకడఁ గూర్చుండెను. ఈ మాట చెప్పిన వృద్ధుని గుండె పగులునేమో యని యామె భయపడెను. చెప్పకున్నఁ దన కొడుకు ఱాళ్లపాలగునని యంతకన్న భయపడెను. రెండు భయములను దూఁచుకొని చిన్నదానినే యెత్తుకొనెను.

“బెదిరినాడు మామా. గడప దాటి వెనక్కు వచ్చినాడు. నీళ్లడిగినాడు. నేనే ఇచ్చితిని. చెంబు పండ్లకు కొట్టుకొని మోగింది. ఉండిపో అని ఎవరన్నా ఒక్క మాట అంటారేమోనని చూసినాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటిని. కొత్తకోడల్ని, అనలేకపోతిని. రెండేండ్లుగా ఆ మాట నా గొంతులోనే ఉంది.”

వెంగళరెడ్డి యామెవంకఁ జూచెను. రెండేండ్లుగాఁ జెమర్పని కన్నులనుండి నీరు మీసములమీఁదికి జాఱెను. ఆతఁడు తుడుచుకొనలేదు. ఆ నీటితోనే లేచి చేటలోని బిడ్డను రెండు చేతుల నెత్తుకొని వీథితలుపువంకకు నడిచెను. నాగసాని ప్రాణము లెగిరిపోయెను. వెంటఁబడెను. కోనారెడ్డి యామెకు ముందుగాఁ బోయి తండ్రికి నడ్డముగా ద్వారమునఁ జేతులు చాచి నిలిచెను. ఆతని చేతులు దిగలేదు.

వెంగళరెడ్డి కొడుకు మొగమును, ఆతని భుజముమీఁదుగా మంచులో మునిఁగిన కనుమను జూచెను. “తప్పుకోవద్దులేరా. అట్లే నిలబడు,” అని చెప్పి వెనుదిరిగి వచ్చి పీఁటమీఁదఁ గూర్చుండి బిడ్డ చెవికడ నోరుంచి మూఁడుమాఱులు పే రుచ్చరించెను. పేరు మాఱలేదు. ఓబన యనియే.

ఎఱ్ఱప్ప తంబుర చేతఁబట్టి వినయముతో నడిగెను. “పాటలో ఎక్కించాల గదా సామీ. ఏ ఓబన పేరని చెప్పేది?”

“మా తాత పేరు,” అని పెద్దరెడ్డి యందఱికిని వినఁబడునట్లు పలికెను. “ఇంకొకటి. ఇకమీద నగారా మోగితే ముందు నడిచేది పేరు కాదు. నడిస్తే అందరం ఒక వరస నడుస్తాం. లేదా అందరం పరుగెత్తుతాం. వినబడిందా?”

మగవారందఱును దలలు వంచుకొనిరి. వారిలోఁ గొందఱికి సిగ్గు, కొందఱికి నెన్నియో యేండ్లకు ఊపిరి యాడినట్టి సుఖము. శూరులను బొగడవలదని చెప్పువారము గాము. గోవులకై ప్రాణమిచ్చినవాఁడు పూజార్హుఁడే. అయినను ఱాళ్లకు మ్రొక్కుచు మ్రొక్కుచుఁ దమ్ముఁ గని పెంచిన వారెవ్వరో యా పల్లెవారు మఱచిరి. శూరునకు శిల మిగులును, భయపడి యింటికి మరలినవానికి మనుమలు మిగులుదురు. ఆ మనుమలే శిలకుఁ బసుపు పూసి తాతమీఁద నుమియుదురు. లోకరీతి యిట్టిది.

నాగసాని భయము పోలేదు. మంచును విడలేదు, ఆవలిలోయలోని సకిలింత నిజమో కాదో తేలలేదు. తల్లియైనదానికి భయము పోవుట యెన్నఁడు? ఇంతలో బయట వేచియున్న డప్పులవారు పేరు పెట్టుట యయ్యెనని విని యొక్కపెట్టునఁ దాళము వేసిరి. ఆ మ్రోఁతకు పసివాఁడు తాత యొడిలో నుల్కిపడి రెండు చేతులును బైకెత్తి పెదవి విఱిచి గుక్కపట్టి యేడ్చెను.

“అయ్యో, ఉత్త పిరికోడే పుట్టినాడు,” అని యాఁడువా రొకరిమీఁద నొకరు పడి నవ్విరి.

వెంగళరెడ్డి వానిని దన కంబళిలోనికిఁ దీసికొని వీపు నిమురుచు, “బెదరనీండి,” అనెను. “వాణ్ణి ఎవరూ ఏమీ అనొద్దు.”

ఆ కనుమ క్రింద నే యోబనకును నంతకుమున్ను అట్టి దీవెన దొరకియుండలేదు.